హైదరాబాద్ పేరుతో టీమ్ ఉంది, హైదరాబాద్‌లో మ్యాచ్ ఎప్పుడు?

తార్నాక_ఫార్వర్డ్
శుక్రవారం, రాత్రి 10:12

అందరికీ నమస్తే. చాలా రోజులుగా మనసులో ఉన్న మాట రాస్తున్నాను. కొంచెం పొడుగైనా చదవండి.

మావాడికి పదమూడేళ్లు. రోజూ పొద్దున ఆరింటికి సికింద్రాబాద్‌లో బాస్కెట్‌బాల్ కోచింగ్‌కి తీసుకెళ్తాను. 2025 మొదట్లో ఐఎన్‌బీఎల్ (ఇండియన్ నేషనల్ బాస్కెట్‌బాల్ లీగ్) వాళ్ల ప్రో అండర్-25 లీగ్ మొదలైనప్పుడు ఫోన్‌లో టీముల పేర్లు చూసి "నాన్నా, హైదరాబాద్ ఫాల్కన్స్ అట, మన టీమే!" అని గంతులేశాడు. ఆ ఊపులోనే అడిగాడు, మ్యాచ్‌లు గచ్చిబౌలిలోనా, సరూర్‌నగర్‌లోనా అని. ఢిల్లీలో అని చెప్పాను. "హైదరాబాద్ టీమ్ ఢిల్లీలో ఆడితే మన టీమ్ ఎట్ల అయితది?" అన్నాడు. ఏం చెప్పాలో తోచలేదు.

లీగ్ పెట్టినవాళ్లను తప్పుపట్టడానికి రాయడం లేదు. మన దేశంలో బాస్కెట్‌బాల్‌కి డబ్బు పెట్టేవాళ్లకి దండం పెట్టాలి. కానీ ఒకసారి వెనక్కి తిరిగి చూడండి. 2015లో యూబీఏ లీగ్ వచ్చింది. ఎనిమిది టీములు, మనది హైదరాబాద్ స్కై. 2017 తర్వాత ఆ లీగే లేదు. 2022లో ఐఎన్‌బీఎల్ ఆరు టీములతో వచ్చింది. చెన్నై, బెంగళూరు, ముంబై, ఢిల్లీ, చండీగఢ్, కొచ్చి ఉన్నాయి, మనం లేం. మళ్లీ 2025లో ఫాల్కన్స్. పదేళ్లలో మన ఊరికి రెండు పేర్లు ఇచ్చారు. ఒక్క జెర్సీ కూడా ఒంటి మీద పాతబడలేదు.

నాకు కావలసింది ఒక్కటే. టీమ్ పేరు మార్చకుండా, ఏడాదికి కనీసం ఒక వారమైనా మన ఊళ్లో మ్యాచ్‌లు ఆడాలి. మీరేమంటారు?

రైల్వే_నంబర్11
శుక్రవారం, రాత్రి 10:40

బాబూ, మంచి విషయం ఎత్తావు. నేను స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగంలో చేరి పద్నాలుగేళ్లు డిపార్ట్‌మెంట్ టీమ్‌కి ఆడాను. ఆటగాడి వైపు నుంచి ఒక మాట చెప్తాను.

మన దేశంలో బాస్కెట్‌బాల్ ఆడేవాడికి అన్నం పెట్టింది ఏ లీగూ కాదు. రైల్వే, సర్వీసెస్, ఇన్‌కంటాక్స్, ఓఎన్‌జీసీ, బ్యాంకులు, ఇవే. చెన్నై ఎప్పుడూ ముందుండటానికి కారణం కూడా ఇదే. అక్కడ బ్యాంకుల టీములున్నాయి, కాలేజీల్లో ఆటగాళ్లకి సీట్లున్నాయి. ఇంటర్ చదివే కుర్రాడికి "ఆడితే సీటు వస్తుంది, తర్వాత ఉద్యోగం వస్తుంది" అన్న దారి కళ్లముందు కనబడుతుంది.

ఇప్పుడు లీగ్ ఆరేడు వారాలుంటుంది. మిగతా పది నెలలు ఏం తినాలి? ఉద్యోగం ఉన్నవాడు లీగ్ ఆడాలంటే ఆఫీసు ఎన్‌ఓసీ ఇవ్వాలి, స్పెషల్ క్యాజువల్ లీవ్ దొరకాలి. దానికి తోడు ఆ లీగ్‌కి జాతీయ బాస్కెట్‌బాల్ ఫెడరేషన్ గుర్తింపు ఉండాలి. యూబీఏకి ఆ గుర్తింపు లేదు. నాతో ఆడిన ఒకడు ఆ రోజుల్లో నన్నడిగాడు, "వెళ్తే ఇండియా క్యాంప్‌కి పిలవరేమో, ఏం చేయమంటావన్నా?" అని. వెళ్లొద్దన్నాను. అలా అన్నందుకు ఇప్పటికీ బాధపడుతుంటాను.

హోమ్ మ్యాచ్ కావాలన్నావు, సరే. దానికంటే ముందు లీగ్ ఏటా అదే నెలలో జరగాలి. తేదీలు ముందే తెలిస్తే ఆఫీసులో లీవ్ అడగొచ్చు.

ఈవెంట్స్_ఉప్పల్
శుక్రవారం, రాత్రి 11:05

నేను స్పోర్ట్స్ ఈవెంట్స్ పని చేస్తాను. ఒకే ఊళ్లో లీగ్ ఎందుకు పెడతారో చెప్తాను. అందులో నిర్వాహకుల తప్పేమీ లేదు, మొత్తం డబ్బు లెక్కే.

టీవీలో చూపించే మ్యాచ్‌కి చెక్క ఫ్లోర్ కావాలి. మన ఇండోర్ స్టేడియాల్లో షటిల్ ఆడే ఫ్లోర్ ఒకటి, వాలీబాల్ మ్యాట్ ఒకటి, బాస్కెట్‌బాల్‌కి వేరు. ముక్కలు ముక్కలుగా తెచ్చి పరిచే ఫ్లోర్ అయితే లారీల్లో రావాలి, బిగించాలి, కింద ఎగుడుదిగుడు లేకుండా సరిచూడాలి. గాజు బోర్డుల స్టాండ్లు, స్కోర్ బోర్డు, షాట్ క్లాక్ (షాట్ కొట్టడానికి ఎంత టైమ్ మిగిలిందో చూపే గడియారం), లైట్లు, కెమెరాల బండి, అన్నీ ఒకసారి బిగించాక విప్పకుండా నెల రోజులు నడిపితేనే గిట్టుబాటు. ఆరు టీములు, ఒక్కో టీమ్‌లో 12 మంది ఆటగాళ్లు, కోచ్‌లు, ఫిజియో. వీళ్లందరినీ ఊరూరా విమానాల్లో తిప్పితే టికెట్ల మీద వచ్చే డబ్బు హోటల్‌కి కూడా చాలదు.

మధ్యేమార్గం ఒకటుంది. కబడ్డీ లీగ్ చేసే పని అదే. 2014లో మొదలైనప్పటి నుంచి ఎక్కువ సీజన్లలో టీములన్నీ కలిసి ఒక ఊళ్లో కొన్ని రోజులు ఆడి, సామాను సర్దుకొని ఇంకో ఊరు వెళ్తాయి. తెలుగు టైటాన్స్ మ్యాచ్‌లు గచ్చిబౌలిలో చూసినవాళ్లు ఇక్కడ చాలామంది ఉంటారు. బాస్కెట్‌బాల్‌కి కూడా మూడు ఊళ్లు, ఊరికి పది రోజులు. ఇది అయ్యే పని.

మనీలా_రిటర్న్
శనివారం, ఉదయం 7:20

నేను ఆరేళ్లు మనీలాలో ఉద్యోగం చేసి వచ్చాను. హోమ్ మ్యాచ్ లేకపోతే లీగే కాదు అన్న మాటతో నేను ఏకీభవించను. మీ బాధ అర్థమవుతుంది అన్నా, కానీ ఫిలిప్పీన్స్ పీబీఏ చూడండి. 1975లో మొదలైంది. ఆసియాలో మొట్టమొదటి ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్ అదే. అందులో ఊరి పేరున్న టీమే కనబడదు. శాన్ మిగెల్, గినెబ్రా అని పానీయాల పేర్లు. మెరాల్కో అంటే కరెంటు కంపెనీ. మ్యాచ్‌లన్నీ దాదాపు మనీలా చుట్టుపక్కలే, అరనేటా కొలీసియంలోనో, మాల్ ఆఫ్ ఏషియా అరీనాలోనో. అయినా యాభై ఏళ్లు నడిచింది.

గినెబ్రా మ్యాచ్ ఉన్న రోజు మా ఆఫీసు దగ్గర సందులో జనం టీవీ బయటపెట్టి చూసేవాళ్లు. ఆ సందులోనే కరెంటు స్తంభానికి ప్లైవుడ్ ముక్క, దానికో ఇనుప రింగు. చెప్పులేసుకుని ఆడతారు, చెప్పులు లేకుండా కూడా ఆడతారు. నేను ఆశ్చర్యపోయింది ఆ రింగు ఎత్తు చూసి. ఎవరో కొలిచి కట్టారు, సరిగ్గా పదడుగులు.

ఇంకో విషయం. పీబీఏలో ఏడాదికి మూడు టోర్నీలు. ఫిలిప్పీన్ కప్‌లో విదేశీ ఆటగాడు ఉండడు, అంతా స్వదేశీలే. మిగతా రెండింటిలో టీమ్‌కి ఒక్క విదేశీ ఆటగాడు ఉంటాడు. అతని ఎత్తుకి కూడా పరిమితి పెట్టిన సీజన్లున్నాయి. దాంతో లోకల్ కుర్రాళ్ల చేతికి బంతి దొరుకుతుంది. రైల్వే అన్న చెప్పిన డిపార్ట్‌మెంట్ టీములు మనకు ఎలాగూ ఉన్నాయి కదా. వాటితోనే లీగ్ ఎందుకు పెట్టకూడదు?

తార్నాక_ఫార్వర్డ్
శనివారం, ఉదయం 8:02

మనీలా భాయ్, మీరు చెప్పింది బాగుంది, కానీ మీ మాటల్లోనే జవాబుంది. అక్కడ సందు సందుకీ రింగు ఉంది. మనీలాలో మ్యాచ్ పెడితే ఆ జనం నడిచి వస్తారు. మన దగ్గర రింగులున్న చోట్లు వేళ్లమీద లెక్కపెట్టొచ్చు. వైఎంసీఏలు, విక్టరీ ప్లేగ్రౌండ్, కొన్ని స్కూళ్లు, కంటోన్మెంట్ వైపు కోర్టులు. కొత్త అపార్ట్‌మెంట్లలో ఒక్క రింగు పెట్టి హాఫ్ కోర్టు అంటున్నారు, సాయంత్రం ఏడు దాటితే చప్పుడని ఆపేస్తారు. ఆట మీద ప్రేమ ముందే ఉన్నచోట లీగ్ ఎక్కడ ఆడినా చెల్లుతుంది. ఇంకా పుట్టాల్సిన చోట పిల్లాడు కళ్లతో చూడాలి.

మావాడికి కర్రీ తెలుసు, లెబ్రాన్ తెలుసు. మన ఇండియా టీమ్‌కి ఆడిన విశేష్ భృగువంశీ ఎవరంటే తెలియదు. 2014లో వుహాన్‌లో చైనాని వాళ్ల గడ్డ మీదే 65-58తో ఓడించాం అంటే నమ్మలేదు. స్కోర్ చూపించాల్సి వచ్చింది.

నాగోయా_తెలుగోడు
శనివారం, ఉదయం 9:15

ఇక్కడ జపాన్ సంగతి చెప్పకపోతే తప్పు చేసినవాణ్నవుతాను. రైల్వే గారు ఫెడరేషన్ గుర్తింపు గురించి రాశారు కదా, సరిగ్గా అదే గొడవ ఇక్కడా జరిగింది.

జపాన్‌లో ఒకప్పుడు రెండు లీగులు. ఒకటి కంపెనీల టీములతో నడిచేది, ఇంకోటి ఊళ్ల పేర్లతో నడిచే బీజే లీగ్. రెండూ కలవలేదు. చివరికి 2014 నవంబర్‌లో ప్రపంచ బాస్కెట్‌బాల్ సంఘం ఫిబా జపాన్ మీద సస్పెన్షన్ వేసింది. దేశం టీమే బయట ఆడలేని పరిస్థితి. అప్పుడు ఫుట్‌బాల్ జె లీగ్‌ని నిలబెట్టిన సబురో కవాబుచిని తెచ్చి కూర్చోబెట్టారు. ఆయన రెండు లీగుల్నీ కలిపేశారు. పై డివిజన్‌లో ఆడాలంటే 5 వేల మంది పట్టే హోమ్ అరీనా చూపించాలని షరతు పెట్టారు. ఊరి కార్పొరేషన్లతో మాట్లాడుకోక తప్పలేదు క్లబ్బులకి. 2016 సెప్టెంబర్‌లో బి లీగ్ మొదలైంది, టోక్యోలో అల్వార్క్‌కీ, ఒకినావా టీమ్ ర్యుక్యూ గోల్డెన్ కింగ్స్‌కీ మొదటి మ్యాచ్. ఫ్లోరంతా ఎల్‌ఈడీ వెలుగు.

అసలు విషయం ఒకినావా. అది దూరంగా ఉన్న దీవి. 2021లో అక్కడ ఒకినావా అరీనా తెరిచారు. 2023 ప్రపంచ కప్‌లో జపాన్ మ్యాచ్‌లు అక్కడే జరిగాయి. ఫిన్లాండ్‌నీ, వెనిజులానీ, కేప్ వెర్డీనీ ఓడించి జపాన్ పారిస్ ఒలింపిక్స్‌కి వెళ్లింది. ఫిన్లాండ్ మీద వెనకబడి మళ్లీ పుంజుకున్న రోజు నా పక్కన కూర్చున్న జపనీస్ సహోద్యోగి ఏడ్చేశాడు. ఏడేళ్లలో ఇంత దూరం వచ్చారు. ముందు లీగ్ ఒక్కటి చేశారు, తర్వాత ప్రతి ఊరికీ గూడు కట్టారు.

మనం 1980 మాస్కో తర్వాత పురుషుల బాస్కెట్‌బాల్‌లో ఒలింపిక్స్ గడప తొక్కలేదు.

ఈవెంట్స్_ఉప్పల్
శనివారం, ఉదయం 9:48

గూడు మనకు ఉంది అన్నా, అదే బాధ. 2002 జాతీయ క్రీడలు, 2003 ఆఫ్రో-ఏషియన్ గేమ్స్ కోసం కట్టినవి ఉన్నాయి. గచ్చిబౌలి ఇండోర్‌లో 2009లో ప్రపంచ బ్యాడ్మింటన్ చాంపియన్‌షిప్ జరిగింది. 2022లో కొవిడ్ వల్ల ప్రైమ్ వాలీబాల్ లీగ్ మొదటి సీజన్ మొత్తం అక్కడే పెట్టారు. హాలు కొరత లేదు. అడిగేవాళ్లు లేరు.

నారాయణగూడ_గార్డ్
శనివారం, మధ్యాహ్నం 1:30

నాకు 22. బీటెక్ అయిపోయింది. అండర్-25 అని లీగ్ పేరు విన్నప్పుడు నాకోసమే పెట్టారనిపించింది. అందుకే ఇది రాయాలనిపించింది.

రెండేళ్ల కిందట ఒక ట్రయల్‌కి వేరే రాష్ట్రం వెళ్లాను. ఏ లీగ్, ఏ ఊరు అని చెప్పను. రాత్రి జనరల్ బోగీలో నిలబడి వెళ్లాం ముగ్గురం. పొద్దున ఎనిమిదింటికి రమ్మన్నారు, మా గ్రూప్‌ని పిలిచేసరికి రెండు దాటింది. ఐదుగురు వర్సెస్ ఐదుగురు, మొత్తం ఆరు నిమిషాలు. నేను పాయింట్ గార్డ్‌ని, అంటే బంతి తెచ్చి ఆట నడిపించేవాణ్ని. ఎవరితో ఆడుతున్నానో పేరు కూడా తెలియదు. బంతి నా చేతికి వచ్చింది నాలుగుసార్లు. రెండు పాస్‌లు ఇచ్చాను, ఒక లేఅప్ వేశాను. నాలుగోసారి పెద్ద హారన్ మోగింది. నేను ఆడుతూనే ఉన్నాను. అందరూ ఆగిపోయారు. అప్పుడు చూశాను పైకి, షాట్ క్లాక్ సున్నా.

నా జీవితంలో షాట్ క్లాక్ ఉన్న కోర్టులో ఆడటం అదే మొదటిసారి.

ట్రైన్‌లో తిరిగొస్తూ ఎవరం మాట్లాడుకోలేదు. ఇప్పుడు గచ్చిబౌలిలో ఉద్యోగం, సాయంత్రాలు ఆడుతున్నాను. 25 వచ్చేలోపు ఇంకొక్క ట్రయల్ ఇస్తాను. అమ్మకి ఇంకా చెప్పలేదు.

మల్కాజ్‌గిరి_రెఫరీ
శనివారం, సాయంత్రం 4:10

తమ్ముడూ, నీ పోస్టు రెండుసార్లు చదివాను. జిల్లా మ్యాచ్‌లకి ఇరవై ఏళ్లుగా విజిల్ వేస్తున్నాను. నువ్వు చెప్పింది నీ ఒక్కడి తప్పు కాదు, మా అందరిదీ.

రూల్ ఏమిటంటే, బంతి చేతికి వచ్చాక 24 సెకన్లలో షాట్ కొట్టాలి, ఆ బంతి రింగుకి తగలాలి. అందులో మొదటి 8 సెకన్లలో సగం కోర్టు దాటాలి. మన షాట్ రింగుకి తగిలి మళ్లీ మన చేతికే వస్తే కొత్తగా 24 రాదు, 14 మాత్రమే. ఈ 14 అనేది చాలా పెద్ద తేడా. రీబౌండ్ దొరకగానే బయటికి పాస్ ఇచ్చి, తాపీగా మళ్లీ మొదలుపెడదామంటే కుదరదు. వెంటనే ఆలోచించాలి.

మన లోకల్ టోర్నమెంట్లలో ఏం జరుగుతుంది? స్కోరర్ టేబుల్ మీద ఒక స్టాప్‌వాచ్ ఉంటుంది. ఆట సమయానికే అది సరిపోతుంది. షాట్ క్లాక్ చూసే మనిషి ఉండడు. చివర్లో ఎవరో "లాస్ట్ టెన్!" అని అరుస్తారు, అది కూడా అంచనాకే. నాలుగు పాయింట్ల ఆధిక్యం ఉంటే చాలు, మంచి డ్రిబ్లర్ బంతి పట్టుకొని కోర్టంతా తిప్పుతాడు. కోచ్ పక్క నుంచి "ఆపు, ఆపు, తొందరెందుకు" అంటాడు. గ్యాలరీలో చప్పట్లు కూడా పడతాయి. ఆ కుర్రాడే రేపు లీగ్ ట్రయల్‌కి పోతే 24 సెకన్లు ఎంత తక్కువో అతని ఒంటికి తెలియదు. చేతికి, కాలికి అలవాటు కావాల్సిన విషయం అది. పుస్తకంలో చదివితే రాదు.

చెన్నైలో, బెంగళూరులో పెద్ద టోర్నమెంట్లు ఆడే పిల్లలకి ఇది చిన్నప్పుడే వస్తుంది. లీగ్ మన ఊరికి వస్తే నేను మొట్టమొదట కోరుకునేది టికెట్టు కాదు. లీగ్ అయిపోయాక ఆ రెండు షాట్ క్లాకులు ఇక్కడే వదిలి వెళ్లమంటాను.

కోచ్‌మేడం_సరూర్‌నగర్
శనివారం, సాయంత్రం 6:25

రెఫరీ గారూ, ఇన్నాళ్లకి ఈ మాట ఒకరు పైకి చెప్పారు. మీకు ధన్యవాదాలు.

నా దగ్గర 40 మంది పిల్లలు నేర్చుకుంటున్నారు, అందులో 15 మంది ఆడపిల్లలు. సిమెంట్ కోర్టు. వానాకాలం వస్తే పొద్దున అరగంట నీళ్లు తోయడమే సరిపోతుంది. బంతులు ఆ గరుకు నేల మీద మూడు నెలలకే నున్నగా అరిగిపోతాయి. పట్టు దొరక్క పిల్లలు అరచేతులు చొక్కాకి తుడుచుకుంటుంటారు. పదిహేనేళ్లకే మోకాళ్లు నొప్పి అంటున్నవాళ్లు ముగ్గురున్నారు. దూకి సిమెంట్ మీద దిగడానికీ, చెక్క మీద దిగడానికీ చాలా తేడా ఉంది.

నాకు తార్నాక గారి మాటే నచ్చింది. మా పిల్లల్ని ఒక్కసారి అయినా ఆరున్నర అడుగుల మనిషి పక్కన నిలబెట్టాలి. టీవీలో అందరూ పొడుగే కాబట్టి ఎవరూ పొడుగ్గా కనబడరు. ఎదురుగా చూస్తే కదా, అంత మనిషి ఎంత కిందికి వంగి డిఫెన్స్ చేస్తున్నాడో తెలిసేది. నేను రోజుకి వందసార్లు "వంగు, వంగు" అని అరుస్తాను. వాళ్లు ఒక్కసారి చూస్తే చాలు.

రైల్వే_నంబర్11
శనివారం, రాత్రి 8:50

మేడం, మీ మాట విన్నాక నేను నిన్న రాసినదాన్ని కొంచెం మార్చుకుంటున్నాను. తేదీలు ముందు, మ్యాచ్‌లు తర్వాత అన్నాను. రెండూ ఒకేసారి అడగాలి.

ఒక భయం మాత్రం ఉంది. 2010లో ఫెడరేషన్ ఐఎంజీ-రిలయన్స్‌తో 30 ఏళ్ల ఒప్పందం చేసుకుంది. అప్పుడు నేనింకా ఆడుతున్నాను. లీగ్ వచ్చేస్తోందని మేమంతా జిమ్‌కి వెళ్లి ఒళ్లు తగ్గించుకున్నాం. ఆ లీగ్ రానే లేదు, మా వయసైపోయింది. ఇంకోటి, మన ఊరి ఫుట్‌బాల్ టీమ్. 2021-22లో ఐఎస్‌ఎల్ కప్పు తెచ్చింది. 2025కల్లా ఆ క్లబ్ ఢిల్లీకి వెళ్లిపోయింది. కప్పు గెలిచిన టీమే నిలవలేదు. అందుకే మీవాడికి ఆశ పెట్టేటప్పుడు జాగ్రత్త, తార్నాక బాబూ.

తార్నాక_ఫార్వర్డ్
శనివారం, రాత్రి 9:35

నిజమే సార్. కానీ వాడికి ఆశ నేను పెట్టలేదు. వాడే పెట్టుకున్నాడు.

సరే, లీగ్ వచ్చేదాకా కూర్చోకుండా మన చేతిలో ఉన్నది చేద్దాం. రాష్ట్ర సంఘానికీ, స్పోర్ట్స్ అథారిటీకీ ఒక లేఖ రాద్దాం. వచ్చే సీజన్‌లో కనీసం ఒక వారం హైదరాబాద్‌లో, గచ్చిబౌలి హాలు తేదీలు ముందే అట్టిపెట్టమని, స్కూలు పిల్లలకి ఒక స్టాండ్ కేటాయించమని. ఈవెంట్స్ భాయ్ ఖర్చుల వివరం రాస్తారా? ఉత్త విన్నపంలా కాకుండా లెక్కతో పోదాం.

రేపు ఆదివారం పొద్దున ఆరున్నరకి మేడం కోర్టులో కలుద్దాం, వీలైనవాళ్లు రండి.

ఈవెంట్స్_ఉప్పల్
శనివారం, రాత్రి 9:50

రాస్తాను. ఫ్లోర్, లైట్లు, హోటల్ మూడూ విడివిడిగా చూపిస్తాను. పది రోజులకి ఎంత, వారానికి ఎంత అని రెండు లెక్కలు.

మల్కాజ్‌గిరి_రెఫరీ
శనివారం, రాత్రి 10:05

నేను వస్తున్నాను. మా అబ్బాయి లాప్‌టాప్‌లో 24 సెకన్ల క్లాక్ పెట్టి, పెద్ద స్పీకర్‌కి కలిపాడు. హారన్ గట్టిగానే మోగుతోంది. మీటింగ్ కంటే ముందు ఒక మ్యాచ్ ఆడిద్దాం, నాలుగు క్వార్టర్లు, పది నిమిషాల చొప్పున, 14 రీసెట్‌తో సహా. నారాయణగూడ తమ్ముడూ, నువ్వు రావాలి. పాయింట్ గార్డ్‌గా నువ్వే ఆడాలి.

నారాయణగూడ_గార్డ్
శనివారం, రాత్రి 10:07

వస్తాను సార్. ఆరింటికే వస్తాను.

కోచ్‌మేడం_సరూర్‌నగర్
శనివారం, రాత్రి 10:20

గేటు ఐదున్నరకే తీయిస్తాను. ఇక్కడ ఇప్పుడే వాన మొదలైంది. వచ్చేవాళ్లు ఇంట్లో వైపర్ ఉంటే పట్టుకురండి, నా దగ్గర రెండే ఉన్నాయి.